సొంత ఓడ కోసం నలభై ఏళ్ళు

1880 ప్రాంతంలో ప్రపంచంలో అతి పెద్ద వాణిజ్య ఓడల బలగం బ్రిటన్‌ది. రెండోది అమెరికాది. మూడోది నార్వేది. ఇరవై లక్షల జనాభా కూడా లేని దేశం అది. అదే కాలంలో అక్కడి నుంచి జనం ఊళ్ళకు ఊళ్ళు ఖాళీ అవుతున్నట్టు అమెరికా వెళ్ళిపోతున్నారు. ఒక్క 1882లోనే 28 వేలమందికి పైగా వెళ్ళారు. వాళ్ళలో ఎక్కువమంది అట్లాంటిక్ దాటింది ఇంగ్లీషు వాళ్ళ స్టీమర్లలో.

ఓడలు కట్టడం, నడపడం పుట్టుకతో వచ్చిన జాతి. సరుకు మోయడానికి ప్రపంచమంతా వాళ్ళ ఓడలను పిలుస్తోంది. సొంత మనుషుల్ని మోయడానికి మాత్రం సొంత స్టీమరు లేదు. ఈ ఒక్క సంగతి నన్ను రెండేళ్ళుగా వదలడం లేదు.

నేను పదమూడేళ్ళుగా మిన్నెసోటాలో ఉంటున్నాను. ఈ రాష్ట్రంలో నార్వే మూలాలున్న కుటుంబాలు లేని ఊరు దాదాపు ఉండదు. చుట్టుపక్కల వాళ్ళ తాతముత్తాతల ప్రయాణాల గురించి ఊరికే చదవడం మొదలుపెట్టి, చివరికి ఓడ కంపెనీల దగ్గర ఆగిపోయాను. వలస గురించి రాసేవాళ్ళు బయల్దేరిన ఊరి గురించి రాస్తారు, చేరిన ఊరి గురించి రాస్తారు. మధ్యలో ఎవరి ఓడ, ఎవరి వంట, చుట్టూ ఎవరి భాష అన్నది మాత్రం రెండు వాక్యాల్లో దాటేస్తారు.

నార్వేకి సొంత అమెరికా లైను, అంటే చెప్పిన తేదీలకు అమెరికాకి ఓడలు నడిపే కంపెనీ, 1910లో గానీ ఏర్పడలేదు. దాని పేరు నార్వేజియన్ అమెరికా లైన్. వలస ఉధృతి తగ్గాక పుట్టింది కాబట్టి దాన్ని చాలామంది తీసిపారేస్తారు. దేశాభిమానంతో పెట్టిన దండగ ఖర్చు అంటారు. నేను ఒప్పుకోను. ఎంతమందిని అమెరికా చేర్చిందన్న లెక్కతో ఆ లైన్‌ని తూచడం దగ్గరే పొరపాటు మొదలవుతోంది. ఎందుకో చెప్పాలంటే కాస్త వెనక్కి వెళ్ళాలి.

1825 జూలైలో స్టవాంగర్ రేవు నుంచి రెస్టరేషన్ అనే చిన్న తెరచాప ఓడ 52 మందితో బయల్దేరింది. అక్టోబరులో న్యూయార్కు చేరేసరికి 53 మంది అయ్యారు, దారిలో ఒక పాప పుట్టింది. నార్వే వలస కథ అక్కడ మొదలవుతుంది. తర్వాతి నూరేళ్ళలో 8 లక్షలమందికి పైగా వెళ్ళారు. 1801 జనాభా లెక్కల్లో నార్వే మొత్తం జనాభా 9 లక్షల లోపే. జనాభాతో పోలిస్తే యూరప్‌లో ఐర్లండ్ తర్వాత ఇంత వలస ఇంకే దేశం చూడలేదు. సాగుకు పనికొచ్చే నేల ఆ దేశంలో నూటికి మూడు పాళ్ళే. జనాభా పెరుగుతోంది, పొలం పెద్దకొడుక్కి పోతోంది, మిగతావాళ్ళు ఇంకొకరి భూమి అంచున గుడిసె వేసుకుని కూలి చేయాలి. అమెరికాలో 1862 హోంస్టెడ్ చట్టం 160 ఎకరాలు ఇస్తానంటోంది. అమెరికా నుంచి వచ్చిన ఉత్తరాలు చేతులు మారి ఊరంతా తిరిగేవి. ఆ ఆత్రానికి వాళ్ళు పెట్టుకున్న పేరు 'అమెరికా జ్వరం'.

మొదట్లో వాళ్ళు వెళ్ళింది సొంత ఓడల్లోనే. ఇది గుర్తు పెట్టుకోవాలి. 1849లో బ్రిటన్ పరాయి ఓడలను అడ్డుకునే తన పాత నౌకాయాన చట్టాలను ఎత్తేశాక, కెనడా కలపను బ్రిటన్‌కు చేర్చే పని నార్వే ఓడలకూ దొరికింది. కెనడాలోని క్విబెక్ వెళ్ళేటప్పుడు ఓడ ఖాళీగా పోవాలి కదా, అందుకని మనుషుల్ని ఎక్కించుకున్నారు. తిరిగొచ్చేటప్పుడు అదే చోట కలప. ప్రయాణం ఏడెనిమిది వారాలు, గాలి కలిసిరాకపోతే ఇంకా ఎక్కువ. తిండి ఎవరిది వాళ్ళే తెచ్చుకోవాలి. నెలల తరబడి పాడవని పల్చటి ఎండు రొట్టె, ఉప్పు చేప, ఎండు మాంసం, అన్నీ పెద్ద చెక్క పెట్టెల్లో. ఆ పెట్టెల మీద రంగుల పువ్వులూ, మనిషి పేరూ, బయల్దేరిన ఏడూ వేయించుకునేవారు. అయోవాలో డెకోరా అనే ఊళ్ళో వెస్టర్‌హైమ్ మ్యూజియం ఉంది, అలాంటి పెట్టెలు అక్కడ చూశాను. ప్రయాణం ఘోరంగా ఉండేది, రోగాలొచ్చేవి, పసిపిల్లలు చనిపోయేవారు. ఆ ఓడల గురించి గొప్పగా చెప్పడానికి ఏమీ లేదు. కానీ కెప్టెన్‌తో మాట్లాడాలంటే నార్వే భాషలో మాట్లాడవచ్చు.

1860ల చివరికి స్టీమర్లు వచ్చి అంతా మార్చేశాయి. లివర్‌పూల్ నుంచి న్యూయార్కుకు పది పన్నెండు రోజులు. తిండి కంపెనీయే పెడుతుంది. తెరచాప ఓడలు వాటితో ఎక్కడ పోటీ పడతాయి? పదేళ్ళలోపే వలస జనం మొత్తం బ్రిటిష్ కంపెనీల చేతికి వెళ్ళిపోయారు. కునార్డ్, వైట్ స్టార్, అలన్, ఇన్‌మన్, గ్యోన్ కంపెనీల ఏజెంట్లు నార్వే రేవుల్లో ఆఫీసులు తెరిచారు. వాళ్ళ కింద పల్లెల్లో చిన్న ఏజెంట్లు.

నార్వే పోలీసులు వలస వెళ్ళేవాళ్ళ వివరాలు రాసుకున్న రిజిస్టర్లు ఇప్పుడు ఎవరైనా ఆన్‌లైన్‌లో చూడవచ్చు. క్రిస్టియానియా, అంటే నేటి ఓస్లో, రిజిస్టర్లు 1867 నుంచి ఉన్నాయి. పేరు, వయసు, ఊరు, ఎక్కడికి వెళ్తున్నారు, ఏ కంపెనీ, ఏ ఓడ. కొన్ని రాత్రులు నేను ఆ పేజీలు తిరగేస్తూ కూర్చున్నాను. ఓడ పేరు రాసిన చోట ఏంజెలో అనో రోలో అనో ఉంటుంది. అవి అమెరికా వెళ్ళిన ఓడలు కావు. ఇంగ్లండ్‌లోని హల్ రేవు దాకా వెళ్ళే విల్సన్ లైన్ ఓడలు. అది కూడా ఇంగ్లీషు కంపెనీయే. ఉత్తర సముద్రం దాటించి హల్‌లో దింపేది. అక్కడి నుంచి రైల్లో లీడ్స్, మాంచెస్టర్ మీదుగా లివర్‌పూల్. లివర్‌పూల్‌లో మళ్ళీ ఓడ కోసం ఎదురుచూపు. హల్ స్టేషన్ దగ్గర 1871లో వలసవాళ్ళ కోసమే విడిగా ఒక వెయిటింగ్ హాలు కట్టారంటే రద్దీ ఎంతో ఊహించుకోండి.

ఒక పల్లెటూరి తల్లి నలుగురు పిల్లలతో హల్‌లో దిగుతుంది. భర్త రెండేళ్ళ ముందే వెళ్ళి టికెట్లు అక్కడి నుంచే కొని పంపాడు. అలా అమెరికాలో డబ్బు కట్టి పంపిన టికెట్లతో వెళ్ళినవాళ్ళు చాలా ఎక్కువ. ఆమెకు ఇంగ్లీషు ఒక్క ముక్క రాదు. పెట్టె ఎక్కడ దింపారో తెలియదు, ఏ రైలో తెలియదు.

ఈ తల్లి నేను ఊహించుకున్న మనిషే. కానీ ఆమెను నేను చూసినట్టే ఉంటుంది. ఆరేళ్ళ కిందట మా అమ్మ మొదటిసారి ఒక్కతే హైదరాబాద్ నుంచి నా దగ్గరికి వస్తూ, గల్ఫ్‌లో ఒక ఎయిర్‌పోర్టులో విమానం మారాలి. గేటు మార్చారు. మైకులో చెప్పే ఉంటారు, ఆమెకు అర్థమయ్యే భాషలో మాత్రం కాదు. అమ్మ పాత గేటు దగ్గరే కూర్చుంది. ఇక్కడ నాకు ఒకటే టెన్షన్, ఫోను కలవదు. చివరికి నేల తుడుస్తున్న ఒకాయన, "అమ్మా, యాడికి పోవాలె?" అని అడిగాడట. కరీంనగర్ వైపు మనిషి. చేయి పట్టుకుని గేటు దాకా తీసుకెళ్ళి కూర్చోబెట్టి మరీ వెళ్ళాడు. అమెరికాలో చూసిన వాటన్నిటికన్నా ఎక్కువసార్లు అమ్మ ఇప్పటికీ ఆ మనిషి గురించే చెబుతుంది. మన భాష వినపడటం సౌకర్యం మాత్రమే అనుకునేవాళ్ళతో నేను వాదించలేను. భయం పోవడం, మళ్ళీ మనిషినయ్యాననిపించడం అందులోనే ఉంటాయని నాకు ఆ రోజు తెలిసింది.

అందుకే అడుగుతున్నాను. ప్రపంచంలో మూడో పెద్ద ఓడల బలగం ఉన్న దేశం ఆ తల్లికి ఒక ఓడ ఎందుకు ఇవ్వలేకపోయింది?

సమాధానం డబ్బులో ఉంది. నార్వే ఓడలు పెద్ద కంపెనీలవి కావు. ఒక రేవు పట్నంలో వడ్రంగి, దుకాణదారు, చర్చి పూజారి, కెప్టెన్ బంధువులు తలా ఒక వాటా వేసుకుని ఒక తెరచాప ఓడ కట్టించేవారు. ఆ పద్ధతి అద్భుతంగా పనిచేసింది, ఒక చిన్న దేశాన్ని మూడో స్థానానికి తీసుకెళ్ళింది. కానీ అమెరికా స్టీమరు లైనుకు ఒక ఓడ చాలదు. ఒకేలాంటివి మూడు నాలుగు కావాలి. జనం ఉన్నా లేకపోయినా, సరుకు నిండినా నిండకపోయినా చెప్పిన తేదీకి కదలాలి. అంత పెట్టుబడి ఆ వాటాల పద్ధతిలో పోగవదు. పైగా బ్రిటిష్ స్టీమర్లు యూరప్ అంతటి నుంచీ వచ్చే జనంతో నిండేవి. ఒక్క నార్వేతో నింపాలంటే కష్టమే.

అయినా ఒకరు ప్రయత్నించారు. బెర్గెన్ బట్టల మిల్లు యజమాని పీటర్ యెబ్సెన్ 1871లో బెర్గెన్ నుంచి నేరుగా న్యూయార్కుకు ఒక లైను మొదలుపెట్టాడు. సెయింట్ ఓలాఫ్, హాకన్ ఆడెల్‌స్టెన్, హరాల్డ్ హార్‌ఫాగర్ అని పాత రాజుల పేర్లు పెట్టారు ఓడలకి. 1873లో అమెరికాలో బ్యాంకులు కూలి మాంద్యం వచ్చింది. వలస ఒక్కసారిగా పడిపోయింది. 1876కి ఆ లైను మూతపడింది. ఇంకో నాలుగైదేళ్ళు తట్టుకుని ఉంటే 1880ల మహా వలస దాని ఓడలను నింపేది. ఆ కంపెనీని ఆదుకోవాల్సింది అని నాకు గట్టిగా అనిపిస్తుంది. దేశంలో పెద్దవాళ్ళకి అప్పట్లో వలస అంటే బాధ, చిన్నచూపు రెండూ ఉండేవి. పోయేవాళ్ళు పోతున్నారు, వాళ్ళకి మనం దారి వేయడం ఎందుకన్న ధోరణి. పోయేవాళ్ళు ఎలాగూ ఆగలేదు. దారి మాత్రం పరాయివాళ్ళు వేశారు.

తర్వాత డెన్మార్క్ వాళ్ళ వంతు. 1880లో కోపెన్‌హాగన్ నుంచి థింగ్‌వల్లా లైను మొదలై, క్రిస్టియానియాలోనూ క్రిస్టియన్‌సాండ్‌లోనూ ఆగి నార్వే వాళ్ళను ఎక్కించుకునేది. హల్, లివర్‌పూల్ బాధ లేకుండా నేరుగా అమెరికా. భాష కూడా దాదాపు అర్థమయ్యేదే. మంచి సంగతే, కానీ ఆ లైనుకు చేతిలో ఉన్నవి తక్కువ ఓడలు, ఎక్కువ ప్రమాదాలు. 1888లో కెనడా తీరాన సేబుల్ ఐలండ్ దగ్గర ఆ కంపెనీ ఓడలే రెండు, థింగ్‌వల్లా, గైజర్, ఒకదాన్నొకటి గుద్దుకున్నాయి. గైజర్ వందమందికి పైగా మనుషులతో మునిగిపోయింది. మరుసటి ఏడు డాన్మార్క్ అనే ఓడ నడిసముద్రంలో పాడైంది. దారినపోయే మిస్సోరి అనే సరుకు ఓడ కెప్టెన్ తన సరుకు సముద్రంలో పారేయించి, డాన్మార్క్‌లోని ఏడు వందలమందికి పైగా మనుషుల్ని ఎక్కించుకున్నాడు. 1898లో థింగ్‌వల్లాను ఇంకో డేనిష్ కంపెనీ కొనేసి స్కాండినేవియన్ అమెరికా లైన్ అని పేరు మార్చింది.

ఆ లైనుదే నార్గె అనే ఓడ. 'నార్గె' అంటే నార్వే. 1904 జూన్ 28 పొద్దున స్కాట్లండ్‌కి పశ్చిమాన, నడిసముద్రంలో ఒంటరిగా నిలబడే రాకాల్ అనే బండరాయి దగ్గర నీటి కింది రాళ్ళకు తగిలింది. కెప్టెన్ ఇంజన్లు వెనక్కి తిప్పించి ఓడను రాళ్ళ మీంచి వెనక్కి లాగాడు. దాంతో చిల్లుల్లోంచి నీళ్ళు మరింతగా లోపలికి వచ్చాయి. కొద్ది నిమిషాల్లో మునిగిపోయింది. ఓడలో 800 మందికి దగ్గరగా ఉన్నారు. పడవలు ఎనిమిదే. 600 మందికి పైగా చనిపోయారు, వాళ్ళలో నార్వే వాళ్ళు రెండు వందలకు పైనే. పడవల్లో తప్పించుకున్న కొందరు రోజుల తరబడి సముద్రంలో కొట్టుకుపోయారు. స్టోర్నోవే అనే స్కాటిష్ ఊరికి చేరాక కూడా కొందరు ప్రాణాలు విడిచారు, వాళ్ళ సమాధులు అక్కడే ఉన్నాయి. బతికి బయటపడ్డ వాళ్ళలో ఒక కుర్రాడు తర్వాత నార్వేలో పేరున్న కవి అయ్యాడు, హెర్మన్ విల్డెన్‌వే.

టైటానిక్ గురించి తెలియని మనిషి ఉండడు. దానికి ఎనిమిదేళ్ళ ముందే, పడవలు చాలక ఇన్ని వందలమంది పోయారు. పాఠం అప్పుడే నేర్చుకుని ఉండవచ్చు. కానీ పోయినవాళ్ళు దాదాపు అంతా మూడో తరగతి టికెట్ల పేదవాళ్ళు. ఇది రాస్తుంటే ఇప్పటికీ కోపం వస్తుంది.

1905లో నార్వే స్వీడన్‌తో తెగతెంపులు చేసుకుని పూర్తి స్వతంత్ర దేశమైంది. ఆ ఊపులోనే పాత కోరిక మళ్ళీ లేచింది. 1910 ఆగస్టు 27న క్రిస్టియానియాలో నార్వేజియన్ అమెరికా లైన్ ఏర్పడింది. గుస్తావ్ హెన్రిక్సెన్ దాని సారథి. షేర్లు నార్వేలోనే కాదు, అమెరికాలో ఉన్న నార్వే వాళ్ళ దగ్గర కూడా అమ్మారు. అప్పటికి నార్వేలో పుట్టి అమెరికాలో ఉంటున్నవాళ్ళే 4 లక్షలకు పైగా ఉన్నారు. మొదటి రెండు ఓడలు, క్రిస్టియానియాఫ్యోర్డ్, బెర్గెన్స్‌ఫ్యోర్డ్, బిర్కెన్‌హెడ్‌లో కామెల్ లెయిర్డ్ వాళ్ళు కట్టారు. బిర్కెన్‌హెడ్ ఎక్కడుందో మ్యాపులో చూడండి. మెర్సీ నదికి ఇటు లివర్‌పూల్, అటు బిర్కెన్‌హెడ్. తండ్రుల తరం పరాయి ఓడ ఎక్కిన రేవుకి ఎదురుగా, కొడుకుల తరం సొంత ఓడ కట్టించుకుంది. పసుపు పొగగొట్టం చుట్టూ ఎరుపు, తెలుపు, నీలం పట్టీలు, నార్వే జెండా రంగులు. 1913 జూన్‌లో క్రిస్టియానియాఫ్యోర్డ్ తొలి ప్రయాణం చేసింది.

ఇక్కడే విమర్శకులు లెక్కలు తీస్తారు. 1903లో 26 వేలు దాటిన వలస 1912 నాటికి 10 వేల లోపుకు పడిపోయింది. మరుసటి ఏడు మొదటి ఓడ కదిలింది. ఆ తర్వాతి ఏడే మొదటి ప్రపంచ యుద్ధం. నార్వే తటస్థ దేశం కాబట్టి ఓడలు నడిచాయి గానీ, బ్రిటిష్ నౌకాదళం వాటిని మాటిమాటికీ ఆపి సోదా చేసేది. 1917 వసంతంలో రష్యా తిరిగి వెళ్తున్న విప్లవ నాయకుడు ట్రాట్స్కీని కెనడాలోని హాలిఫాక్స్‌లో దించి నిర్బంధించింది ఈ క్రిస్టియానియాఫ్యోర్డ్ నుంచే. అదే ఏడు జూలైలో ఆ ఓడ న్యూఫౌండ్‌లండ్ దగ్గర కేప్ రేస్‌లో రాళ్ళెక్కి పోయింది, మనుషులంతా బతికారు. ఆ తర్వాత అమెరికా తలుపులు మూసింది. 1924 చట్టం నార్వేకి ఏడాదికి 6,453 మందిని ఇచ్చింది, 1929 నుంచి 2,377 మందినే. వలస లైనుగా చూస్తే ఇది ఎండిన చెరువులో వల వేసినట్టే. ఈ అంకెలన్నీ నిజమే, నేనేమీ కాదనను.

కానీ ఆ అంకెలన్నీ ఒకవైపు ప్రయాణానివే. ఓడ తిరుగు ప్రయాణం కూడా చేస్తుంది కదా! 1880ల తర్వాత వెళ్ళిన నార్వే వాళ్ళలో సుమారు నాలుగో వంతు మంది ఏదో ఒకనాడు వెనక్కి వచ్చేశారు. శాశ్వతంగా రానివాళ్ళు చూడ్డానికి వచ్చారు. వెళ్ళినప్పుడు పాతికేళ్ళవాడు, అరవై ఏళ్ళకి అమ్మానాన్నల సమాధి చూడటానికి వస్తాడు. 1914లో నార్వే రాజ్యాంగానికి నూరేళ్ళు నిండిన పండగకి అమెరికా నుంచి వేలమంది వచ్చారు. ఆ జనానికి హల్ మీదుగా రావడం వేరు, న్యూయార్కు రేవులోనే ఓడ మెట్లెక్కుతూ నార్వే భాష వినడం వేరు. ఎక్కిన నిమిషం నుంచే ఇంటికి వచ్చినట్టు. కంపెనీ పెట్టినవాళ్ళకి ఇది తెలుసనే నేను అనుకుంటున్నాను. అమెరికాలో స్థిరపడిపోయినవాళ్ళకి కూడా షేర్లు అమ్మారంటే ఏమిటి అర్థం? వాళ్ళు మళ్ళీ వలస వెళ్ళరు కదా. వాళ్ళు కొన్నది తిరిగొచ్చే దారిలో వాటా.

ఆ లైనుదే, 1918లో నడక మొదలుపెట్టిన స్టవాంగర్‌ఫ్యోర్డ్ అనే ఓడని చూస్తే నా మాట ఇంకా బాగా తెలుస్తుంది. రెండో ప్రపంచ యుద్ధంలో జర్మన్లు దాన్ని ఓస్లోలో కట్టేసి తమ సైనికులకు వాడుకున్నారు. కొత్తగా కట్టిన ఓస్లోఫ్యోర్డ్ 1940 డిసెంబరులో ఇంగ్లండ్‌లో టైన్ నది ముఖం దగ్గర మందుపాతర తగిలి పోయింది. 1945 ఆగస్టులో, యుద్ధం ముగిసీ ముగియగానే, ఇరవై ఏడేళ్ళ ముసలి స్టవాంగర్‌ఫ్యోర్డ్ మళ్ళీ న్యూయార్కు దారి పట్టింది. మామూలు ప్రయాణికులతో అట్లాంటిక్ దాటిన మొదటి లైనర్లలో అదొకటి. అయిదేళ్ళుగా ఉత్తరాలు కూడా సరిగా అందని కుటుంబాలు రెండు ఒడ్డుల్లోనూ ఎదురుచూస్తున్నాయి. దండగ ఖర్చు అనేవాళ్ళు ఆ ఆగస్టుకి ఎంత విలువ కడతారో నాకు తెలుసుకోవాలని ఉంది.

ఆ తర్వాత సంగతి విమానాలదే. 1963లో స్టవాంగర్‌ఫ్యోర్డ్ పని ముగిసింది, మరుసటి ఏడు హాంకాంగ్‌లో విరగ్గొట్టారు. 1971 నాటికి అట్లాంటిక్ లైను ఆగిపోయి, మిగిలిన ఓడలు విహార యాత్రలకు మళ్ళాయి. 1983లో చివరి రెండు ప్రయాణికుల ఓడలనూ కునార్డ్ కొనుక్కుంది. పోలీసు రిజిస్టర్లలో కంపెనీ పేరు రాసే చోట నేను అన్నిసార్లు చదివిన కునార్డే. అది చదివిన రోజు లాప్‌టాప్ మూసేసి కాసేపు బయట తిరిగొచ్చాను.

డిసెంబరులో న్యూయార్కు నుంచి బయల్దేరే స్టవాంగర్‌ఫ్యోర్డ్‌ని వాళ్ళు క్రిస్మస్ ఓడ అనేవారు. 1953లో ఆ ప్రయాణంలో నడి అట్లాంటిక్‌లో తుపాను పట్టి ఓడ చుక్కాని ఊడిపోయింది. ఓడకి అప్పటికి ముప్ఫై అయిదేళ్ళు, నిండా పండక్కి ఇళ్ళకి వెళ్తున్న జనం. చుక్కాని లేకపోతే ఓడ దిక్కు తిరగదు. దానికి రెండు ప్రొపెల్లర్లు ఉండేవి. ఎడమది వేగం పెంచితే కుడికి, కుడిది పెంచితే ఎడమకి. కెప్టెన్ అలా ఇంజన్లతోనే తిప్పుకుంటూ, చలికాలపు అట్లాంటిక్‌లో మిగిలిన దారంతా నడిపి, వాళ్ళందరినీ నార్వే చేర్చాడు.